ఎదురు తిరిగిన గడియారం

మోంటెవిడియోలో
ఆదివారం పొద్దున్నే త్రిస్తాన్ నార్వాహా వీధికి వెళ్తే
ఆ వారం ఎవరి ఇల్లు ఖాళీ అయిందో తెలిసిపోతుంది.
తడి పేవ్‌మెంట్ మీద, పాత దుప్పట్ల మీద
గరిటెలు, తాళంచెవులు, పెళ్ళి ఫొటోలు,
ఒక సంసారం విడి విడి ధరల్లో.

కట్టుడు పళ్ళు చేయడం నా పని.
వారమంతా పరాయివాళ్ళ నవ్వుల్ని మైనంలో పోసి
అరగదీస్తూ కూర్చుంటాను.
పై పన్నుకీ కింది పన్నుకీ వెంట్రుకవాసి తేడా వచ్చినా
తెచ్చి నా బల్ల మీద పడేసి పోతారు.
అందుకేనేమో సెలవు రోజున
ఎక్కడా కుదరని వాటిని వెతుక్కుంటూ తిరుగుతాను.

ముక్కూ పిడీ ఒకే వైపున్న టీ కెటిల్ ఉంది నా దగ్గర.
ఆరు వేళ్ళ తొడుగు ఉంది, ఎడమ చేతిది మాత్రమే.
ఒక ఒంటె బొమ్మ ఉంది.
గీసినవాడు ఒంటెని చూసి ఉండడు,
చూసినవాడెవడో చెబితే
శ్రద్ధగా విన్నట్టున్నాడు.

ఆ రోజు తుంపర.
చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే బుర్ర,
కింది పెదవిని పూర్తిగా మింగేసిన మీసాలతో
వాల్దెమార్ తన సరుకు మీద ప్లాస్టిక్ కప్పుతున్నాడు.

ఇదేంటి?
గడియారం.
ఒకటి ఉండాల్సిన చోట పదకొండు ఉందే?
ఉంది.
ముల్లు వెనక్కి నడుస్తోంది.
నడుస్తోందిగా! ఆగిపోయినవి అదిగో, ఆ పెట్టెలో ఉన్నాయి.

అంకెలు కూడా అలిగిన పిల్లల్లా
అటు తిరిగి పడుకున్నాయి.

ఇది ఒక నావికుడిదన్నాడు, ఇల్లు చేరే రోజులు లెక్కపెట్టుకునేవాడట.
నేను నవ్వితే
కాదు, వయసు దాచుకునే ఒక నటిదన్నాడు.
కథ మారినప్పుడల్లా వంద పెరిగింది.
చెప్పేవాడికి వినేవాడు లోకువ.
నటి దగ్గర బేరం ఆపి కొనేశాను.

వంటింట్లో మేకు లేదు.
స్నానాలగది ఎదురుగోడకి తగిలించాను.
మూడు వారాలు అది తప్పు చెబుతూనే ఉంది,
నేను కీ ఇస్తూనే ఉన్నాను.

ఒక మంగళవారం, అద్దం ముందు
నుదుటి మీద జుట్టు నేనే కత్తిరించుకుంటున్నాను.
నా భుజం వెనక నుంచి
ఏడూ ఇరవై.
చేతికున్న గడియారం చూశాను.
ఏడూ ఇరవై.

కత్తెర అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

ఎక్కడో ఒక మంగలి షాపు.
మెడ చుట్టూ తెల్లగుడ్డ, గొంతు మీద కత్తి,
తల తిప్పడానికి వీల్లేని ఒక మనిషి.
వాడికి రైలు అందాలి.
వాడికోసం ఎవరో కూర్చుని
ఒక్కో అంకెనీ తిప్పి రాశారు,
లోపల చక్రాలని తిరగేసి బిగించారు.
ఆ పళ్ళు కూడా ఎవరో
వెంట్రుకవాసి తేడా రాకుండా కుదిర్చినవే.

వీధి వైపు తిరిగి కూర్చునే మంగలికి మాత్రం,
గిరాకీ లేని మధ్యాహ్నాల్లో,
అది ఎప్పుడూ తప్పు టైమే.
ఎవరూ ఆ సంగతి ఆలోచించినట్టు లేదు.

తర్వాతి ఆదివారం వాల్దెమార్‌కి అంతా చెప్పాను.
చలికి వేడి వేడి పప్పు సూపు తాగుతున్నాడు.
చాలాసేపు మాట్లాడలేదు.
"తెలిసుంటే ఇంకో మూడొందలు అడిగేవాణ్ణి."

తర్వాత తన దుప్పటినే
కొత్తవాడిలా చూడటం మొదలుపెట్టాడు.
ప్రతిదాన్నీ ఎత్తి, తిప్పి, అనుమానంగా.
చివరికి ఒక వెండి చెంచా తీశాడు,
గిన్నె అంచుకి సగం మూత పోసినట్టు
ఒక సన్నటి రేకు అతికి ఉంది.

మరి దీనికి ఏ అద్దం కావాలంటావ్?
పిల్లలకి మందు పోసేదా?
తిండి తగ్గించుకోమని డాక్టరిచ్చిందా?

నాకూ అంతుపట్టలేదు.
ఇద్దరం దాన్ని వెలుతురుకి పెట్టి చూశాం.

దారినపోయే ఒకావిడ ధర అడిగింది.
"ఇంకా తేలలేదమ్మా" అన్నాడు,
చెంచాని కోటు జేబులో వేసుకుని,
మీసాల నిండా కారుతున్న సూపుని
మోచేత్తో తుడుచుకుంటూ.